వదులుకోవడానికి ఎన్ని మాటలు

వరండాలో బల్ల మీద మంచుకు పట్టిన తడిని ప్రేమానందం తువాలుతో తుడిచి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. గోడకు ఆనించి ఉన్న నల్లబల్ల మీద సుద్దముక్కతో తేదీ వేశాడు. పద్దెనిమిది, నవంబరు, ఎనభై మూడు. అక్షరాలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఐదు నెలలుగా, ఆదివారాలు పోను, రోజూ పొద్దున ఆరున్నరకు ఇదే పని. ఇవాళ్టితో అయిపోతుంది.

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న వేరుసెనగ విత్తనాల ఫారం అది. పంట పీకడం అయిపోయింది. కాయలు కళ్లంలో ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్లు కప్పుతూ తీస్తూ ఉన్నారు. తడిమట్టి వాసనా పచ్చికాయల వాసనా కలిసి గెస్ట్‌హౌసు వరండా దాకా వస్తున్నాయి.

ప్రేమానందం అక్కడ టైపిస్టు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే మిషను. నలభై ఆరేళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, రిబ్బను మసి శాశ్వతంగా ఇంకిపోయిన వేలికొనలు. మాట్లాడవలసి వస్తే ముందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు, దగ్గు వస్తుందేమో అన్నట్టు. దగ్గు రాదు. మాట కూడా చాలాసార్లు రాదు.

కానీ ఆఫీసు నుంచి బయటికి పోయే ప్రతి ఇంగ్లీషు ఉత్తరమూ ఆయన చేతి మీదుగానే పోవాలి. సూపరింటెండెంటు జయరామ్ తప్పుల తడకగా రాసిచ్చినదాన్ని ఆయన చప్పుడు చేయకుండా సరిచేసి టైపు కొడతాడు. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద అధికారి "ఈ ఉత్తరాలు రాసేదెవరు? చక్కగా ఉన్నాయే" అన్నాడు. జయరామ్ మీసం సవరించుకున్నాడు. ప్రేమానందం అక్కడే నిలబడి రిబ్బను మారుస్తున్నాడు. తలెత్తలేదు.

జూన్‌లో వియత్నాం నుంచి లాం అనే మనిషి వేరుసెనగ సాగు చూసి నేర్చుకోవడానికి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లకే తల నెరిసింది. ఏం చెప్పినా తలాడించి నవ్వేవాడు. కావలి మనిషి చిన్నబ్బ మొదటి రోజే ఆయన పేరును "రాం సారు" చేసేశాడు. జయరామ్ వారం రోజులు చూసి ప్రేమానందాన్ని పిలిచాడు.

"ఆయప్పకి రొండు ఇంగ్లీషు ముక్కలు నేర్పబ్బా. ఏం సెప్పినా తలకాయ ఊపతాడు. అర్థమయిందో లేదో ఆ దేవుడికే తెలియల్ల."

మొదటి రోజు ప్రేమానందానికి అన్నం సహించలేదు. కాగితం మీద ఇంగ్లీషు ఆయనకు కొట్టిన పిండి. నోటితో మాట్లాడి పాతికేళ్లయింది. కానీ లాం ఇంగ్లీషు తన నోటికంటే తడబడేది. తప్పు మాట్లాడి తానే పకపకా నవ్వేవాడు. ఎదుటివాడు అట్లా నవ్వుతుంటే ప్రేమానందం చెయ్యి నోటి మీది నుంచి కిందికి దిగింది. ఎప్పుడు దిగిందో ఆయన గమనించలేదు. నెల తిరిగేసరికి పొద్దున ఆ గంట కోసం మనసు ఎదురుచూడడం మాత్రం గమనించాడు.

చివరి పాఠానికి లాం గెస్ట్‌హౌసు గదిలోంచి నోటుపుస్తకంతో బయటికి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు అందరి ముందూ ఐదు నిమిషాలు మాట్లాడి, నాలుగున్నరకు జీపులో స్టేషనుకు పోయి మద్రాసు బండి ఎక్కాలి. రాసుకున్న ఉపన్యాసం ముందుకు తోశాడు. మొదటి వాక్యం చూడగానే ప్రేమానందానికి నవ్వొచ్చింది. 'టుడే ఐ సరెండర్ ఇండియా' అని ఉంది.

"సరెండర్ అంటే యుద్ధంలో ఆయుధాలు కింద పెట్టడం" అన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే, కాకపోతే ఒకరిది నింపాదిగా, ఒకరిది గతుకుల్లో బండిలాగా.

"సార్, మా భాషలో ఒకటే మాట. బో." ఆ మాటను లాం కిందికి వంచి మళ్లీ పైకి లేపి పలికాడు. "సిగరెట్టు, బో. ఊరు, బో. పెళ్లాం, బో. పరుగుపందెం సగంలో, బో. ఇంగ్లీషు చాలా మాటలు. ఏది ఎక్కడ?"

ప్రేమానందం లేచి నల్లబల్ల మీద ఒక్కొక్కటే రాశాడు. సిగరెట్టు మానుకుంటే గివ్ అప్. బస్సులో ముసలమ్మ కోసం సీటు వదులుకున్నా గివ్ అప్పే. పొద్దుగూకి పని చాలిస్తే కాల్ ఇట్ ఎ డే. చదువు మధ్యలో మానేస్తే డ్రాప్ అవుట్. ఎవరో ఒత్తిడి పెడితే, లేదా లోపలి భయమే ఒత్తిడి పెడితే, లొంగిపోవడం గివ్ ఇన్. రాస్తూ ఉంటే ప్రతి మాటకూ పక్కన తెలుగు మాట మనసులో తనంతట తానే వచ్చి నిలబడింది. మానుకోవడం, వదులుకోవడం, చాలించడం, లొంగడం, కాడి పడేయడం, నీళ్లొదులుకోవడం. ఇంగ్లీషులోనే ఇన్ని ఉన్నాయనుకున్నాడు ఇన్నాళ్లూ.

లాం పుస్తకం వెనక్కి తిప్పాడు. జూలైలో రాసుకున్న పేజీ. "సార్ చెప్పిన ఉదాహరణ. ఇది సరైన గివ్ అప్, అవునా?"

ప్రేమానందం కళ్లజోడు సవరించుకుని చదివాడు. 'ఐ గేవ్ అప్ మై స్టడీస్ ఫర్ మై మదర్.' తన మాటే. నోటికి అలవాటైన వాక్యం కనక ఆ రోజు అదే చెప్పాడు. తల్లి కోసం నేను నా చదువు వదులుకున్నాను.

"సరైనదే" అన్నాడు.

లాం కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. తర్వాత, తల వంచుకుని, తనకొక మాట కావాలన్నాడు. విషయం చెబుతాడట, సార్ దానికి తగిన మాట ఇవ్వాలట.

వాళ్లన్న అరవై ఏడులో యుద్ధానికి పోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. డెబ్భై ఆరులో సర్కారు నుంచి కాగితం వచ్చింది, చనిపోయాడని. తల్లి దాని మీద సంతకం పెట్టనంది. ఒక్క ఎముకైనా చూపించండి, పెడతాను అంది. ఏడేళ్లుగా అదే మాట. ఈ ఏడు లాంను విదేశానికి పంపే ముందు కుటుంబం కాగితాలన్నీ సరిగ్గా ఉండాలన్నారు. తల్లి సంతకం ఉండవలసిన చోట లాం సంతకం పెట్టాడు. పెట్టి, ఇక్కడికి వచ్చాడు. తల్లికి చెప్పలేదు.

"నేను చేసినది ఏ మాట, సార్? ఆశ వదులుకున్నానా?"

"ఆశ లేదా నీకు?"

"ఉంది. అన్న వస్తాడు అని కాదు. అమ్మ ఉన్నంతకాలం అన్న ఉంటాడు అని."

ప్రేమానందం నల్లబల్ల వైపు చూశాడు. "అయితే అది గివ్ అప్ కాదు. గివ్ ఇన్" అన్నాడు. ఆ మాట అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

లాం తలాడించి ఆ మాట కింద గీత గీశాడు. "సార్ మంచివారు" అన్నాడు. "సార్ అమ్మ కోసం వదిలారు. నేను నా కోసం అమ్మను..." మాట దొరక్క ఆగిపోయాడు.

ప్రేమానందం కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి నోటి దాకా వచ్చి మళ్లీ కిందికి దిగింది.

"ఆ వాక్యం తప్పు" అన్నాడు. "కొట్టెయ్యి."

ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెలుగులో చెప్పడానికి నోరు వచ్చేది కాదేమో. ఇద్దరిదీ కాని భాషలో, సాయంత్రానికి వెళ్లిపోయే మనిషికి, పొడి పొడి వాక్యాలలో చెప్పాడు.

యాభై తొమ్మిదిలో ఆయనకు ఇరవై రెండేళ్లు. చిత్తూరులో ఒక మిషను బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పేవాడు. హెడ్మాస్టరు పట్టుబట్టి, హైదరాబాదులో ఏడాదిపాటు ఇంగ్లీషు మేష్టర్లకు ఇచ్చే శిక్షణకు పంపాడు. తిరిగొస్తే ఉద్యోగం ఖాయం. ఊళ్లో చందాలు వేసుకుని ఇనప్పెట్టె కొనిపెట్టారు. రేణిగుంట నుంచి చిన్న బండిలో గూడూరు పోయి, అక్కడ మద్రాసు నుంచి వచ్చే పెద్ద బండి అందుకోవాలి. గూడూరు ప్లాట్‌ఫారం మీద టై కట్టుకున్న కుర్రవాడొకడు పలకరించాడు. అతనూ అదే శిక్షణకు పోతున్నాడు. స్నేహంగానే ఇంగ్లీషులో అడిగాడు, ఏ ఊరు, ఏ బడి, ఏం చదివావు అని. జవాబులు ప్రేమానందం తలలో వరసగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. నాలుక లేవలేదు. కుర్రవాడు రెండోసారి అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే రోషమన్నా వచ్చేది. కుర్రవాడు జాలిగా భుజం తట్టి, అరటిపండు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పెద్ద బండి వచ్చింది, పది నిమిషాలు ఆగింది, పోయింది. ప్రేమానందం పెట్టె మీద కూర్చునే ఉన్నాడు.

మర్నాడు ఇంటికి చేరితే తల్లి దేవకమ్మ జ్వరంతో పడుకుని ఉంది. మామూలు జ్వరం, రెండు రోజుల్లో తగ్గిపోయేది. "ఏం అబ్బోడా, మళ్లుకోనొచ్చినావు?" అంది. "నీకు జరంగా ఉంటే యాడికి పోయేదమ్మా" అన్నాడు. అంతే. ఆలోచించి అన్నది కాదు.

కానీ ఆ మాటకు కాళ్లు వచ్చాయి. ఊరంతా మెచ్చుకుంది. శిక్షణ లేని మేష్టరని బడివాళ్లు తీసేసినప్పుడు జాలిపడింది. దేవకమ్మ మాత్రం పదమూడేళ్లపాటు కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంది, నా జరం నా బిడ్డ బతుకును తినేసిందని. డెబ్భై రెండులో పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "నా వల్ల ఆగిపోతివి గదరా నాయనా, నన్ను మన్నించు" అంది. ఆయన "అట్లనొద్దమ్మా" అన్నాడు. అక్కడున్నవాళ్లు కళ్లొత్తుకున్నారు. భూస్థాపన నాడు పాస్టరుగారు ప్రసంగంలో ఆ త్యాగం గురించే చెప్పారు. ప్రేమానందం తల వంచుకుని విన్నాడు.

కళ్లంలో కూలి ఆడవాళ్లు టార్పాలిను లాగుతున్న చప్పుడు వినబడింది. లాం జూలై పేజీలో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పుస్తకం ప్రేమానందం వైపు తిప్పాడు. ప్రేమానందం దాని కింద ఇంగ్లీషులో రాశాడు, నేను భయపడి వెనక్కి వచ్చాను, ఆ నింద మా అమ్మ మీద వేశాను, అని. అచ్చు గుద్దినట్టు ఉండే రాత, చివరి మాట దగ్గర కొంచెం వంకరపోయింది.

"సార్ అమ్మ లేరు" అన్నాడు లాం. అడగడం కాదు, లెక్క చూసుకుంటున్నట్టు. "మా అమ్మ ఉంది." కాస్త ఆగి అడిగాడు. "పెట్టిన సంతకం మళ్లీ వద్దు అనడం. దానికి మాట ఉందా?"

"టేక్ బ్యాక్."

లాం రాసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ప్రేమానందం ఫారం గేటు పక్కనున్న క్వార్టర్‌కు వెళ్లాడు. వసంతమ్మ రాగిముద్ద, వేరుసెనగ పప్పు నూరి చేసిన చెనిక్కాయల ఊరుబిండి కంచంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. పెళ్లయి ఇరవై ఏళ్లు. పిల్లలు లేరు. పెళ్లిచూపులప్పుడు ఆమె తండ్రి ఒక్కటే చెప్పాడట ఆమెతో, ఉద్యోగం చిన్నదే గాని కన్నతల్లి కోసం చదువు విడిచిపెట్టినోడు, నిన్ను బాగా చూసుకుంటాడు అని. అది ప్రేమానందానికి తెలుసు. అందుకే ఇంతకాలం ఆమెకూ చెప్పలేదు.

ముద్ద తుంచి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని చెప్పాడు. పొద్దున ఇంగ్లీషులో అంత తేలిగ్గా వచ్చినది తెలుగులో ముళ్లకంపలా తగులుకుంటూ వచ్చింది. గూడూరు, టై కుర్రవాడు, అరటిపండు. లాం పెట్టిన సంతకం సంగతీ చెప్పాడు.

వసంతమ్మ అడ్డం రాలేదు.

"బయపడినావు. సరే. బయపడనోడు ఎవరుండారు" అంది. "అది గాదయ్యా. ఆయమ్మ మూడు దినాలు గొంతులోకి నీళ్లు దిగక కొట్టుకులాడింది. నేనే గదా దూదితో తడిపినాను. మన్నించు మన్నించు అని నీ సెయ్యి ఇడవలేదు. అప్పుడన్నా సెప్పింటే నీదేం పోయేది?"

ప్రేమానందం చేతిలోని ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు.

"ఒక్క మాట. నీ తప్పేం లేదమ్మా అని. ఆ ఒక్క మాటకి నిమ్మళంగా కన్నుమూసుండేది."

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. అట్లా చేసి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. ముద్ద చల్లారి గట్టిపడింది. కాసేపటికి లోపలి నుంచే అడిగింది.

"ఆ రాం సారు వాళ్లమ్మ బతికుండాదా?"

"ఉండాది."

"ఎన్ని గంటలకు పోయేది ఆయప్ప?"

"నాలుగున్నరకి."

తర్వాత పెనం మీద చెనిక్కాయలు వేగుతున్న చప్పుడు వచ్చింది. ప్రేమానందం చెయ్యి కడుక్కుని ఆఫీసుకు వెళ్లాడు. లాం శిక్షణ పూర్తయిందనే పత్రం మూడు ప్రతులు టైపు కొట్టాడు. తప్పు ఒక్కటీ రాలేదు.

మూడు గంటలకు గోదాము పక్కనున్న హాలులో ముప్పై మంది దాకా చేరారు. జయరామ్ పూలదండ వేసి మాట్లాడాడు. తర్వాత లాం లేచాడు. తిరుపతిలో కొన్న కొత్త బూట్లు కిర్రుమన్నాయి. చేతిలో కాగితం లేదు. విత్తనాల గురించి, నీళ్ల గురించి నాలుగు వాక్యాలు బాగానే చెప్పాడు. ఐదో వాక్యం మధ్యలో ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. జయరామ్ ప్రేమానందం వైపు చూశాడు, అందించమన్నట్టు.

ఆ మాట ఏదో ప్రేమానందానికి తెలుసు. అందించడానికి మాత్రం మనసొప్పలేదు, అది లాం నోటి నుంచే రావాలి. లాం ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఫ్యాను తిరుగుతోంది.

"తప్పు వస్తుంది, క్షమించండి" అని లాం నవ్వాడు. నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు. "నేను ఇవాళ ఇండియా విడిచి వెళ్తున్నాను. వదులుకోవడం లేదు. మా ఇంటికి పోతాను. ఒకటి వెనక్కి తీసుకుంటాను. మా అమ్మకు చెబుతాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఏదో వేరుసెనగ రకం గురించే అనుకుని జయరామ్ గట్టిగా కొట్టాడు. ప్రేమానందం చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ఇరవై రెండేళ్ల వయసులో తను కూడా అట్లా నవ్వి ఉండవచ్చు. ఇంత చిన్న పని. అంత చిన్న పని చేతగాక, దాని బరువంతా తీసుకుపోయి జ్వరంతో పడుకున్న మనిషి నెత్తిన పెట్టాడు.

జీపు దగ్గరికి వసంతమ్మ వచ్చింది. ఆమె మామూలుగా ఆఫీసు వైపు రాదు. కొంగు నిండుగా కప్పుకుని, పాత వార్తాపత్రికలో కట్టిన పొట్లం లాం చేతిలో పెట్టింది. చెనిక్కాయల పొడి, ఇంకా వెచ్చగా ఉంది.

"మీ అమ్మకి ఇయ్యి నాయనా" అంది.

లాంకు ఐదు నెలల్లో వచ్చిన తెలుగు పదో పన్నెండో మాటలు. "అమ్మ" అన్నాడు పొట్లం గుండెకు ఆనించుకుని. "అమ్మకి."

"ఆఁ. అమ్మకే. బద్దరంగా ఇయ్యల్ల."

ప్రేమానందంతో లాం చేతులు కలిపాడు. జీపెక్కాడు. జీపు గేటు దాటి చంద్రగిరి రోడ్డెక్కేదాకా చిన్నబ్బ సెల్యూటు కొట్టిన చెయ్యి దించలేదు. వసంతమ్మ ప్రేమానందం వైపు చూడకుండా క్వార్టరుకు తిరిగి నడిచింది. తొందరగానూ కాదు, ఆగి ఆగీ కాదు. ఆయన నాలుగడుగులు వెనకే వేసి, గెస్ట్‌హౌసు తాళం వేసి రావాలి కదా అని గుర్తొచ్చి, గుర్తొచ్చినందుకు కొంచెం ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగాడు.

గదిలో మంచం మీది దుప్పటి నలుచదరంగా మడిచి ఉంది. కూజాలో సగం నీళ్లున్నాయి. కిటికీ మూసి గడియ పెట్టాడు. నల్లబల్ల లోపలికి తెచ్చి గోడకు ఆనించాడు. దాని మీద రాసిన మాటలన్నీ పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. తుడవబోయి, తువాలు ఎత్తి, తుడవలేదు. రేపు ఎవరో ఒకరు తుడుస్తారు.

అమ్మ అని ఒకసారి పైకి అని చూశాడు. ఖాళీ గదిలో ఆ మాట పెద్దగా వినిపించింది. ఆ తర్వాత చెప్పవలసిన వాక్యం కూడా ఆయనకు వచ్చు, ఒక్క తప్పు లేకుండా.

తాళంచెవి కింద పడితే తీయడానికి వంగాడు. మంచం కింద, కొత్త బూట్లు వేసుకుని పోతూ లాం వదిలేసిన చెప్పులు కనిపించాయి. లారీ టైరు కోసి, లోపలి ట్యూబుతో పట్టీలు వేసినవి, మన కూలీల కాళ్లకుండేవాటి లాంటివే. ఎడమ మడమ బాగా అరిగిపోయింది. వేరుసెనగ చేల ఎర్రమట్టి అంచుల్లో ఎండి పగిలి ఉంది. రెండూ దగ్గర దగ్గరగా, ఎవరో ఇప్పుడే కాళ్లు పెట్టబోతున్నట్టు, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.